ఆస్పత్రి ఆవరణలో నేల మీద సోలార్ పెడతారట, నిజంగా నిలిచే పనేనా?

మానేరు_గట్టు
మా పట్టణంలోని ఏరియా ఆస్పత్రి అభివృద్ధి కమిటీలో నన్నూ సభ్యునిగా వేశారు. వచ్చే సమావేశంలో పెద్ద అంశం ఒక్కటే: ఆస్పత్రి వెనక ఖాళీ జాగాలో, నేల మీద, 100 కిలోవాట్ల సోలార్ ప్లాంటు. ఇరవై గుంటలు కావాలట. మాకిచ్చిన కాగితంలో పర్యావరణహితం, సుస్థిరం, బిల్లు ఆదా అని మూడు మాటలున్నాయి కానీ వాటి వెనక ఒక్క లెక్కా లేదు. ఆ జాగాలో వేపచెట్లు, ఒక పెద్ద చింతచెట్టు ఉన్నాయి. రోగుల వెంట వచ్చినవాళ్లు అక్కడే వండుకుంటారు, అక్కడే నడుం వాలుస్తారు. చెట్లు కొట్టేసి ప్యానెళ్లు పెడితే అది సుస్థిరం ఎలా అవుతుందని అడిగాను. "మీరు సోలార్‌కు వ్యతిరేకమా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. నేను వ్యతిరేకం కాదు. ఇలాంటి ప్లాంటు మంచిదో కాదో తేల్చాలంటే అసలు ఏమేమి అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_పంతులు
ముందు అంకెలు చూద్దాం, ఆవేశం తర్వాత. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. 100 కిలోవాట్లంటే ఏడాదికి సుమారు 1,46,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 11 లక్షల 68 వేలు. పెట్టుబడి 50 లక్షల చుట్టుపక్కల ఉంటే నాలుగైదేళ్లలో డబ్బు వెనక్కి వస్తుంది.

కర్బనం సంగతి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతాయి. అంటే ఈ ప్లాంటుతో ఏడాదికి 100 టన్నులకు పైగా తగ్గుతుంది. పెద్ద చెట్టు ఏడాదికి 20, 25 కిలోలు పీల్చుకుంటుందని తరచూ వినే మాట. ఇరవై చెట్లున్నా అర టన్ను. కాబట్టి మానేరు గారూ, చెట్ల వాదనను కర్బనం మీద నిలబెట్టకండి, మొదటి నిమిషంలోనే ఓడిపోతారు.

వార్డు_సిస్టర్
పంతులు గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ చెట్టు కింద పడుకునే మనిషి కర్బనం కోసం పడుకోడు. మా ఆస్పత్రిలో వార్డులోకి ఒక్కరినే రానిస్తాం. కాన్పుకు వచ్చిన అమ్మాయి వెంట తల్లి, అత్త, ఇద్దరు పిల్లలు, ఆటో నడిపిన తమ్ముడు ఉంటారు. ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చినవాళ్లకు తిరిగి వెళ్లడానికి రాత్రి బస్సు ఉండదు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో వాళ్లను ఎక్కడికి పొమ్మంటారు? ఆ నీడ కూడా ఆస్పత్రి సౌకర్యాల్లో ఒకటి, దానికి బోర్డు లేదంతే.

దొడ్డుబియ్యం
ప్యానెళ్ల కింద పడుకోమంటారు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు.

కొటేషన్_కుమార్
దొడ్డుబియ్యం అన్న నవ్వులాటకే అన్నాడు కానీ అది జరిగే పనే. నేను హన్మకొండలో ఈ పనే చేస్తాను కాబట్టి నా స్వార్థం కొంత ఉందనుకుని చదవండి. మామూలుగా నేల మీద పెట్టే ప్యానెళ్ల కింది అంచు భూమికి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఉంటుంది. దాన్ని పది అడుగులకు లేపితే కింద షెడ్డులా పనికొస్తుంది. బండ్లు పెట్టుకోవచ్చు, బెంచీలు వేయవచ్చు. అయితే ఇనుము బరువు, పునాది పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. గాలికి తట్టుకునే లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరు చేతే వేయించాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేలాది చెట్లు ఎలా పడిపోయాయో చూశాం కదా. మీకు కొటేషన్ ఇచ్చేవాళ్లు గాలి లెక్క కాగితం ఇవ్వకపోతే అక్కడే ఆపేయండి.

పాత_లైన్‌మన్
అందరూ ఒక సంగతి వదిలేశారు. ఆస్పత్రివాళ్లు సోలార్ అనగానే "ఇక కరెంటు పోయినా పర్వాలేదు" అనుకుంటారు. అది తప్పు. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోయిన మరుక్షణం తనూ ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభమెక్కి పని చేసే మాలాంటివాళ్లు ప్రాణాలతో దిగరు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు, ఇరవై గుంటల ప్యానెళ్లు, అయినా ఆపరేషన్ థియేటర్‌కు డీజిల్ జనరేటరే దిక్కు. ఈ మాట సూపరింటెండెంట్ గారికి ముందే చెప్పి ఉంచండి.

మానేరు_గట్టు
@పాత_లైన్‌మన్ ఇది నాకు తెలియదు. కమిటీలో ఎవరికీ తెలియదని నా అనుమానం. మరి దీనికి మార్గమే లేదా?

పాత_లైన్‌మన్
ఉంది. జనరేటర్‌తో సోలార్‌ను సమన్వయం చేసే కంట్రోలర్ పెడితే జనరేటర్ నడుస్తున్నప్పుడు సోలార్ కూడా కలుస్తుంది, డీజిల్ తగ్గుతుంది. కానీ జనరేటర్ మీద కనీసం మూడో వంతు లోడైనా ఉంచాలి, లేకపోతే ఇంజన్ పాడవుతుంది. రెండో దారి, థియేటర్, ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ), రక్తనిధి ఫ్రిజ్‌లు, వ్యాక్సిన్ ఫ్రిజ్‌ల వరకు విడిగా బ్యాటరీ పెట్టడం. ఆస్పత్రి మొత్తానికి బ్యాటరీ అని ఎవరైనా అంటే ఆయన దగ్గర బ్యాటరీ దుకాణం ఉందేమో కనుక్కోండి.

కోతిబాధితుడు
కోతుల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించాను. కోతుల గుంపు వచ్చి వైర్లు పీకుతుంది, ప్యానెళ్ల మీద జారుడుబల్ల ఆడుతుంది. నేల మీద పెడితే ఇంకా సులువు, పైకెక్కే శ్రమ కూడా ఉండదు వాటికి.

దొడ్డుబియ్యం
ఆస్పత్రి కోతులు రోగుల చేతిలోని అరటిపళ్లతో సరిపెట్టుకుంటాయి, కంగారు పడకండి.

కొటేషన్_కుమార్
వైర్లను బయట వేలాడనీయకుండా ఇనుప గొట్టాల్లో, మూత ఉన్న ట్రేలలో తీసుకెళ్తే కోతుల బాధ చాలావరకు తగ్గుతుంది. నేల మీద ప్లాంటుకు కోతుల కన్నా దొంగల భయం ఎక్కువ. పొలాల దగ్గర మోటారు కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి ఎలా పోతున్నాయో మీకు తెలుసు. కంచె, లైట్లు, రాత్రి కాపలా ఖర్చు కూడా అంచనాలో ఉందో లేదో చూడండి. పైకప్పు మీద ఈ ఖర్చు దాదాపు ఉండదు.

హన్మకొండ_హరిత
కుమార్ గారే చెప్పేశారు. నా ప్రశ్న కూడా అదే, పైకప్పు ఉండగా నేల ఎందుకు? 100 కిలోవాట్లకు నీడ పడని పైకప్పు సుమారు 10,000 చదరపు అడుగులు చాలు. రెండు బ్లాకులున్న ఏరియా ఆస్పత్రికి ఆ పాటి స్లాబ్ ఉండకుండా ఉంటుందా?

ఇంకొకటి. ప్లాంటు 25 ఏళ్లు ఉండాలి. మన ఆస్పత్రుల ఆవరణలు 25 ఏళ్లు అలాగే ఉంటున్నాయా? 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మహబూబాబాద్; 2023లో కరీంనగర్, సిరిసిల్ల, భూపాలపల్లి, జనగామ; 2024లో ములుగు, నర్సంపేట. ఇన్నిచోట్ల మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ ఊళ్ల ఆస్పత్రులకు కొత్త బ్లాకులు, అదనపు పడకలు అవసరమయ్యాయి. ఈ రోజు ఖాళీగా కనిపిస్తున్న ఇరవై గుంటల మీద అయిదేళ్ల తర్వాత మాతాశిశు విభాగం కట్టాలంటే ప్లాంటును విప్పి ఎక్కడికి తీసుకెళ్తారు? పునాదుల్లో పోసిన కాంక్రీటు తిరిగి రాదు. 25 ఏళ్ల కర్బనం లెక్క అయిదేళ్లకే ఆగిపోతుంది.

కొటేషన్_కుమార్
హరిత గారూ, పైకప్పు అనడం సులువే. పాత ఆస్పత్రి స్లాబులు ఎక్కి చూశారా? వాన పడితే కారేవి సగం. దాని మీద స్ట్రక్చర్ బిగిస్తే ఆ తర్వాత కారిన ప్రతి చుక్కకూ సోలార్‌వాడే బాధ్యుడు. వాటర్ ట్యాంకులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, లిఫ్టు గది నీడ పోగా మిగిలేది ఎంతో కొలవాలి. పైగా కొన్ని భవనాలకు ఇంకో అంతస్తు వేసే ప్రతిపాదన ఉంటుంది. నేల మీదైతే వెనక గాలి ఆడుతుంది, ప్యానెల్ కాస్త చల్లగా ఉంటుంది, నిచ్చెన లేకుండా కడగవచ్చు.

హన్మకొండ_హరిత
కారే స్లాబును బాగుచేయడం ఎలాగూ ఆస్పత్రి చేయాల్సిన పనే కదా. సోలార్ సాకుతో అదైనా జరుగుతుంది.

లెక్కల_పంతులు
చల్లదనం సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆ పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వేడి 65 దాటుతుంది, అంటే 14 శాతం పోయినట్లే. అందుకే మన దగ్గర ఎండలు మండిపోయే మే కన్నా మార్చిలో ఉత్పత్తి బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో మబ్బుకు బాగా పడిపోతుంది. నేను చెప్పిన 4 యూనిట్లు ఏడాది సగటు. నెలవారీ అంచనా అడగండి, ఒకే అంకె ఇచ్చేవాళ్లను నమ్మకండి.

బిల్లుల_బాబు
పంతులు గారి 11 లక్షల 68 వేలు కాగితం మీదే బాగుంటాయి. ఆస్పత్రికి హెచ్‌టీ, అంటే హైటెన్షన్ కనెక్షన్ ఉందనుకుంటున్నాను. హెచ్‌టీ బిల్లులో యూనిట్ల చార్జీ ఒక భాగమే. ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్‌కు విడిగా చార్జీ ఉంటుంది, సోలార్ పెట్టినంత మాత్రాన అది తగ్గదు. ఒక్క మబ్బు పట్టిన మధ్యాహ్నం చాలు, ఆ నెల డిమాండ్ పాత అంకెకే చేరుతుంది.

ఇంకో మెలిక, హెచ్‌టీ మీటరు లెక్కించేది కేవీఏహెచ్‌లో. అంటే నిజంగా పనిచేసే కిలోవాట్లతో పాటు, పని చేయకుండా లైన్‌లో అటూఇటూ తిరిగే రియాక్టివ్ భారాన్నీ (కేవీఏఆర్) కలిపి కేవీఏగా లెక్కిస్తుంది. ఉదాహరణ చెబుతాను. ఆస్పత్రి లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనిచేసే వంతు) 0.9. గ్రిడ్ నుంచి తీసుకునేది 111 కేవీఏ. సోలార్ 80 కిలోవాట్లు ఇస్తోంది. గ్రిడ్ నుంచి రావాల్సింది 20 కిలోవాట్లే, కానీ 48 కేవీఏఆర్ రియాక్టివ్ భారం అలాగే ఉంటుంది. ఈ రెంటినీ నేరుగా కూడరు, వర్గాలు కూడి వర్గమూలం తీస్తారు, 52 కేవీఏ అవుతుంది. 80 తగ్గుతుందనుకుంటే తగ్గింది 59. కెపాసిటర్ ప్యానెల్ సరిగా ఉంటే, లేదా ఇన్వర్టర్‌ను రియాక్టివ్ పవర్ ఇచ్చేలా అమరిస్తే ఇది సరిదిద్దుకోవచ్చు. ప్రతిపాదనలో ఆ ముక్క ఉందా?

లెక్కల_పంతులు
బాబు గారూ, లెక్క సరిపోయింది, వేసి చూశాను. మార్కులు పూర్తిగా మీకే.

చెరువు_శిఖం
మీరంతా కరెంటు మీద పడ్డారు. నేల ఎవరిది? ఆస్పత్రి వెనక జాగా అంటే పహాణీలో ఏముందో చూశారా? మన వైపు ఊరి చివర ఖాళీగా కనిపించే భూమి చాలాసార్లు శిఖం భూమో (చెరువు లోపలి భూమి), బంచరాయో (పశువుల మేత భూమి) అయి ఉంటుంది. చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం లోపల పడితే ఈ రోజు ఎండిపోయి కనిపించినా రేపు నీళ్లు వస్తాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మునిగింది. అలాంటి వాన మీ ఊళ్లో పడితే ఇన్వర్టర్ పెట్టె ఎంత ఎత్తులో ఉండాలో ఎవరైనా ఆలోచించారా?

చెట్లు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, అది కూడా అడగండి.

మానేరు_గట్టు
@చెరువు_శిఖం ఆస్పత్రి పేరు మీదే ఉంది, పట్టా చూశాను. కానీ నల్లరేగడి నేల. వానాకాలంలో చెప్పు దిగబడితే రాదు.

కొటేషన్_కుమార్
నల్లరేగడి అయితే భూసార పరీక్ష కాదు, భూసామర్థ్య పరీక్ష చేయించండి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైపైన పోసిన దిమ్మెలు పక్కకు ఒరుగుతాయి, వరసలు వంకర పోతాయి, ప్యానెల్ అద్దం పగులుతుంది. భూమిలోకి లోతుగా దించే పైల్ (స్తంభాల) పునాదులు కావాలి. ఎర్ర చెల్క నేల అయితే ఇంత బాధ లేదు.

దొడ్డుబియ్యం
చెరువులోనే తేలుతూ పెట్టేస్తే? రామగుండంలో ఎన్టీపీసీవాళ్లు చేశారు కదా.

నల్లబంగారం
రామగుండం మాదే కాబట్టి చెబుతున్నాను. అది 100 మెగావాట్లు, 2022లో పూర్తయింది, రిజర్వాయరు మీద సుమారు 500 ఎకరాల్లో ఉంది. అంటే మెగావాట్‌కు అయిదెకరాలు, నేల మీద పట్టేంతే. అది థర్మల్ కేంద్రం సొంత రిజర్వాయరు. ఊరి చెరువు అలా కాదు, అందులో మత్స్య సహకార సంఘం చేపలుంటాయి, బతుకమ్మలు వేసేది అందులోనే. సద్దుల నాడు ఆడవాళ్లకు ప్యానెళ్లు అడ్డం పెట్టి చూడండి, కమిటీ సంగతి వాళ్లే తేలుస్తారు.

ఇక సోలార్ శుద్ధం, బొగ్గు పాపం అనే మాట. నేను బొగ్గు గనిలో పనిచేసినవాణ్ని. ప్యానెల్ తయారు చేయడానికీ కరెంటు కావాలి, అల్యూమినియం ఫ్రేముకూ కావాలి, అందులో చాలా భాగం ఏదో ఒక దేశపు బొగ్గే. ఆ లెక్క ఎందుకు చెప్పరు?

హన్మకొండ_హరిత
చెబుతారు నల్లబంగారం గారూ. తయారీ నుంచి విప్పేదాకా అన్నీ కలిపి చూసినా, నేల మీద పెట్టే పెద్ద ప్లాంట్లకు యూనిట్‌కు 48 గ్రాముల దగ్గర, బొగ్గుకు 820 గ్రాముల దగ్గర మధ్యస్థ విలువలు ఉన్నాయని 2014 ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదిక చెప్పింది. బాగా ఎండ ఉన్నచోట, తయారీకి ఖర్చయిన శక్తిని ప్యానెల్ ఒకటి రెండేళ్లలోనే తిరిగి ఇచ్చేస్తుంది.

నల్లబంగారం
సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ రాత్రి ఎనిమిది గంటలకు మీ ఎన్‌ఐసీయూ నడిపేది మా బొగ్గే. అది కూడా రాయండి.

వార్డు_సిస్టర్
రాత్రి లోడు తక్కువేం కాదు. ఆక్సిజన్ ప్లాంటు, వార్మర్లు, ఫ్రిజ్‌లు, లైట్లు అన్నీ నడుస్తాయి. పగలు ఓపీ, ల్యాబు, ఎక్స్‌రే, థియేటర్, ఏసీలు. బట్టలు ఉతికే యంత్రాలు, ఆటోక్లేవ్‌లు, బోరు మోటార్లు ఎప్పుడు నడపాలన్నది మన చేతిలో ఉంది. వాటిని పదింటి నుంచి మూడింటి మధ్యకు మారిస్తే సోలార్ అక్కడికక్కడే వాడకమవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, డ్యూటీ చార్టు మారిస్తే చాలు. కానీ ఆదివారం ఓపీ ఉండదు, ఆ రోజు మిగిలిన కరెంటు ఏమవుతుంది?

పాత_లైన్‌మన్
నెట్ మీటరు ఉంటే గ్రిడ్‌లోకి పోతుంది, లెక్కలో జమ అవుతుంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నెట్ మీటరింగ్‌కు 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, రెండింటిలో ఏది తక్కువైతే అది హద్దు. ఆస్పత్రి మంజూరు లోడు ఎంతో మానేరు గారు చూడాలి. 100 కన్నా తక్కువైతే ఈ చర్చ ఇక్కడే ఆగిపోతుంది.

మానేరు_గట్టు
చూశాను, 100 కన్నా ఎక్కువే. ఇప్పుడు ఇంకో చిక్కు. ఇద్దరు ముగ్గురు సభ్యులు "మనకు పైసా ఖర్చు లేదు, కంపెనీయే పెట్టుబడి పెడుతుంది, మనం యూనిట్‌కు ఇంత అని కడితే చాలు" అంటున్నారు. అది మేలేనా?

బిల్లుల_బాబు
దాన్ని రెస్కో పద్ధతి అంటారు. ప్లాంటు వాళ్లది, నిర్వహణ వాళ్లది, మీరు 25 ఏళ్లు కొనాలి. మంచి వైపు ఏమిటంటే, యంత్రం ఆగితే వాళ్లకే నష్టం కాబట్టి వాళ్లే పరుగెత్తుకొస్తారు. ఒప్పందంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. మీరు వాడుకోలేకపోయిన కరెంటుకు కూడా డబ్బు కట్టాలా? స్థలం అవసరమై ప్లాంటు జరపమంటే ఖర్చు ఎవరిది? బిల్లు ఆలస్యమైతే వడ్డీ ఎంత? ప్రభుత్వ సంస్థల కరెంటు బకాయిల చరిత్ర మనకు తెలియనిది కాదు. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఓపిక పడుతుంది, కంపెనీ పట్టదు.

సొంతంగా పెడితే ఇంకో ప్రశ్న. ఇప్పుడు బిల్లు కట్టేది ఏ పద్దు నుంచి? ప్రభుత్వమే నేరుగా కడుతుంటే, ఆదా అయిన 10 లక్షలు ఆస్పత్రికి రావు. కానీ ప్యానెళ్లు కడిగే మనిషి జీతం మాత్రం ఆస్పత్రి నెత్తిన పడుతుంది.

కోతిబాధితుడు
బాబు గారు అసలు జాగాలో వేలు పెట్టారు. మా పక్క మండలంలో ఒక గురుకులానికి దాతలు సోలార్ పెట్టించారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, రిబ్బను, ఫోటోలు. ఇప్పుడు ప్యానెళ్ల మీద దుమ్ము, కింద నడుములోతు వయ్యారిభామ, ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. వాచ్‌మన్‌ను అడిగితే "ఆ లైటు ఎప్పుడూ అలాగే వెలుగుతుంది సార్, బాగానే ఉంది" అన్నాడు.

కొటేషన్_కుమార్
ఇలాంటివి నేనూ చూశాను. కడగడం పెద్ద విద్య కాదు. 540 వాట్ల ప్యానెళ్లయితే 100 కిలోవాట్లకు సుమారు 185. ఒక్కోదానికి రెండు మూడు లీటర్లు, ఒక కడుగుకు అర వెయ్యి లీటర్లు. నెలకు రెండుసార్లు, పొద్దున్నే. ఎండలో వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు కొట్టకూడదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే తెల్లని మరకలు కట్టి, కడిగినందుకే ఉత్పత్తి తగ్గుతుంది. దగ్గర్లో గ్రానైట్ క్వారీయో, రైస్ మిల్లో ఉంటే నెలకు రెండుసార్లు చాలదు. ఇన్వర్టర్ పది, పన్నెండేళ్లకు మార్చాలి, ఆ డబ్బును ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి.

చెరువు_శిఖం
కింద గడ్డికి మందు కొట్టకండి, ఆస్పత్రి బోరు పక్కనే ఉంటుంది. గొర్రెలను వదలండి.

దొడ్డుబియ్యం
గొర్రెలకు ఓపీ చీటీ కావాలా?

హన్మకొండ_హరిత
చివరికి విప్పేటప్పటి సంగతి కూడా అడగాలి. 185 ప్యానెళ్లంటే అయిదు టన్నులకు పైగా బరువు. అందులో నాలుగింట మూడొంతులు అద్దమే, ఇంకా అల్యూమినియం, కొద్దిగా వెండి, రాగి, టంకంలో సీసం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానెళ్లకూ వర్తిస్తాయి. 2034–35 దాకా వ్యర్థ ప్యానెళ్లను నిల్వ చేసే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. టెండర్‌లోనే "పగిలినవి, కాలం చెల్లినవి తిరిగి తీసుకోవాలి" అని రాయించకపోతే మార్చురీ వెనక గుట్టపడతాయి.

లెక్కల_పంతులు
నేను మొదట చెట్లను అర టన్నుకు కుదించాను, సిస్టర్ గారికి కోపం వచ్చినట్లుంది. ఒక మధ్యేమార్గం. ప్లాంటును రెండు ముక్కలు చేయండి. స్లాబ్ మీద పట్టినంత, బండ్లు నిలిపే చోట ఎత్తు షెడ్డు మీద మిగతాది. వెనక జాగా ముట్టుకోనక్కర్లేదు. షెడ్డుకు ఖర్చు పెరిగి, డబ్బు వెనక్కి వచ్చేది అయిదేళ్లకు బదులు ఆరేళ్లకైతే మునిగిపోయేదేమీ లేదు.

వార్డు_సిస్టర్
కోపం లేదు సార్. ఆ షెడ్డు కింద రెండు నల్లాలు, నాలుగు పొయ్యి దిమ్మెలు కూడా రాయించండి. వానాకాలంలో చెట్టు కింద వండుకోలేక తడిసిపోతున్నారు.

కొటేషన్_కుమార్
పొయ్యిలు వద్దండీ, పొగ మసి నేరుగా ప్యానెళ్ల మీదికే వెళ్తుంది, పైగా కింద కేబుళ్లుంటాయి. వంటకు పక్కన విడిగా రేకుల షెడ్డు వేయించండి.

బిల్లుల_బాబు
దానికి ఏ పద్దు?

వార్డు_సిస్టర్
ప్రారంభోత్సవం పద్దు.

మానేరు_గట్టు
నా ప్రశ్నల కాగితం రెండు పేజీలైంది. స్లాబ్ కొలతలు తీయించమని ఇంజనీరు డీఈ గారిని రేపు అడుగుతాను. బిల్లులు పన్నెండు నెలలవి దొరికాయి. కానీ గంటగంటకూ ఎంత లోడు ఉంటుందో బిల్లులో లేదు. పగటి వాడకం తెలియకుండా 100 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, పక్క జిల్లాలో అంతే పెట్టారని జవాబు.

పాత_లైన్‌మన్
హెచ్‌టీ మీటరులో అరగంటకోసారి లోడు నమోదవుతూనే ఉంటుంది. సూపరింటెండెంట్ సంతకంతో డిస్కమ్ ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు) కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, దించి ఇస్తారు. మే నెలదీ, డిసెంబరుదీ రెండూ అడగండి. ఆదివారాలు విడిగా చూడండి. దాన్ని ఇక్కడ పెడితే ఎన్ని కిలోవాట్లు పెట్టాలో పంతులు గారు చెబుతారు.

లెక్కల_పంతులు
పెట్టండి. ఎక్సెల్ ఫైలుగా ఇవ్వమనండి, ఫోటోలు తీసి పంపితే మాత్రం దొడ్డుబియ్యం చేత టైపు చేయిస్తాను.